దారి ఎవరి కోసం దిగింది?

‘రహదారి’ పారశీకం నుంచి వచ్చిన మాట. మొగలుల కాలంలో రహదారీ అంటే దారిలో సరుకు మీద వసూలు చేసే సుంకం. బ్రౌన్ నిఘంటువు చూస్తే రహదారికి దారి చీటీ, అంటే ప్రయాణానికి అనుమతి పత్రం అనే అర్థం కనిపిస్తుంది. టోల్ గేటు ఈ మధ్య పుట్టిందనుకుంటాం గాని, అది ఈ మాటలోనే ఉంది. కొండల్లో మన పెద్దలకు ఉన్నది బాట. దానికి చీటీ లేదు.

రోడ్లు లేని కాలంలో మన్యం లోకానికి తెలియని చోటు అనుకోవటం పొరపాటు. ఉప్పు కొండల్లో దొరకదు. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును లంబాడీలు ఎద్దుల మీద వేసుకుని సాలూరు మీదుగా జయపురం వైపు ఎక్కేవారు, తిరిగి వచ్చేటప్పుడు ధాన్యం దించేవారు. మనవాళ్లు కావడి భుజాన వేసుకుని సంతకు నడిచేవారు. ఆ బాటలకు ఇంజనీరు లేడు. వానాకాలం పోయాక ఊరివాళ్లే పొదలు కొట్టి, రాళ్లు సర్ది బాగుచేసుకునేవారు. పాతదంతా బంగారమని చెప్పటం లేదు. జ్వరం ముదిరిన మనిషి ఆ బాట మధ్యలోనే ప్రాణం విడిచిన రోజులూ అవే.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారు లెక్కలోకి వెళ్లింది. పోడుకు అడ్డు వచ్చింది, కలపకు ధర వచ్చింది. కలప కిందికి దిగాలన్నా, పోలీసులు పైకి ఎక్కాలన్నా బండి నడిచే దారి కావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు వేసిన ఘాట్ రోడ్డు ఆ అవసరంలోంచి వచ్చింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా ఆ పనికి తోలి, రావలసిన కూలి ఇవ్వకుండా దోచుకున్నాడు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివాళ్ల కోపానికి ఒక మూలం అక్కడుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి.

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు అల్లూరి సీతారామరాజు వస్తాడు, తుపాకులు వస్తాయి, రోడ్డు ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నేను ఆ వాక్యం దగ్గర ఆగుతాను. తమ కొండను తామే తవ్వి వేసిన రోడ్డు మీద తమ మీదికే పోలీసులు ఎక్కి వస్తుంటే ఆ కూలీలకు ఏమనిపించి ఉంటుంది? పోరాటం మాత్రం కాలిబాటల మీదే నిలిచింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు చనిపోయారు. చివరికి అస్సాం రైఫిల్స్‌ను దింపితే గాని సర్కారుకు ఆ బాటలు లొంగలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక రైలు వచ్చింది. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు కొండలు తొలిచి లైను వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు వెళ్లాలి. అనంతగిరి సొరంగాల పనితనం చూస్తే ఎవరైనా మెచ్చుకోవలసిందే. కాని ఆ పట్టాల మీద రోజంతా ఖనిజం బళ్లే నడుస్తాయి, మనిషి ఎక్కే బండి అరుదు. బాస్టియన్ లేడు, వెట్టి లేదు. దారి మాత్రం మళ్లీ కిందికి పోయే సరుకు కోసమే.

2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన సరుకును వదిలి మనుషులను లెక్కపెట్టింది. మైదానంలో 500 మంది, గిరిజన ప్రాంతంలో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు. మంచి పని, నిజంగా మంచి పని. అయితే ముప్పై ఇళ్ల గూడెం ఆ లెక్కకూ అందదు. అందుకే నిండు గర్భిణిని డోలీలో మోయటం నేటికీ వార్తగా వస్తూనే ఉంది. ఇప్పుడు రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకులను కలుపుతూ 516ఇ జాతీయ రహదారి వస్తోంది. అంబులెన్సు దాని మీద వేగంగా పోతుంది సరే, డోలీ దాని దాకా రావాలి కదా!

ఈ మధ్య దూరానికి 2018లో ఏజెన్సీలో బైకు అంబులెన్సులు తెచ్చారు. పక్కన తొట్టి బిగించిన మోటారు సైకిలు, అంతే. దానికి నాలుగు వరుసల దారి అక్కర్లేదు. కొండను పొక్లెయినుతో నిలువునా కోసి, ఆ మట్టిని గెడ్డలోకి తోస్తే మొదటి వానకే అది కింది వరి మడుల్లోకి దిగుతుంది. సన్నని సిమెంటు బాట, గెడ్డ దాటేచోట చిన్న కల్వర్టు వేస్తే అంత గాయం ఉండదు.

దీనికి అటవీ అనుమతి రాదని చాలామంది చెబుతారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) వాళ్లు చదవాలి. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డుతో సహా 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కోదానికి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు దారి అయితే రెండున్నర కిలోమీటర్ల లోపు వస్తుంది. మూడు మీటర్లయితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది. వాళ్ల చేత వాళ్ల గూడెం నుంచి తారురోడ్డు దాకా బాటను కొలిపించి, ఆ కాగితం గ్రామసభ ముందు పెట్టవచ్చు.