తీగ స్థానమున తరంగము

తంతితపాలా యుగమున వార్త తీగపై నడిచెను. రేడియో వచ్చి ఆ తీగను తెంచివేసెను. కంప్యూటర్ల చరిత్రలోను ఇదే కథ మరల జరిగినది. కాని అందొక చమత్కారము కలదు. అచట వచ్చిన క్రొత్త రేడియో, తాను రేడియోనన్న మాట దాచి, తీగవలె నటింపవలసి వచ్చెను. ఆ నటన వలన కలిగిన మేలొకటి మేము ఇటీవల కన్నులార చూచితిమి.

మా మిత్రులొకరి యింట టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100 అను కంప్యూటరు ఉన్నది. దీనిని జపానులోని క్యోసెరా సంస్థ తయారుచేయగా, అమెరికాలో టాండీ వారు తమ రేడియో షాక్ దుకాణములలో 1983 నుండి అమ్మిరి. 8 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రము వెల ఆనాడు 1,099 డాలర్లు. పెద్ద పుస్తకమంత పరిమాణము. బరువు రెండు కిలోలకు లోపు. తెరపై 8 పంక్తులు, పంక్తికి 40 అక్షరములు. మన గడియారములలోను, టార్చి దీపములలోను వాడు సన్నని బ్యాటరీలు నాలుగు వేసిన సుమారు 20 గంటలు పనిచేయును. నేటి యంత్రములు కొన్ని ఈ విషయమున దీని యెదుట తల వంచుకొనవలసినదే. ఇందలి ప్రోగ్రాములలో కొంతభాగమును బిల్ గేట్స్ స్వయముగా వ్రాసెను. ఆయన స్వహస్తమున అంతటి పని చేసిన కడపటి యంత్రములలో ఇది యొకటి.

దీనిని మిక్కిలి ఆదరించినవారు పత్రికా విలేఖరులు. క్రీడాస్థలమున కూర్చుండి వార్త టైపు చేయుట, పిదప ఏ హోటలు టెలిఫోనుకో యంత్రమును తగిలించి కార్యాలయమునకు పంపుట వారి వాడుక. లోపలనే మోడెము కలదు. దాని వేగము సెకనుకు 300 బిట్లు, అనగా 30 అక్షరములు. జ్ఞాపకశాల పూర్తిగా నిండియున్న పెద్ద యంత్రములో సుమారు 29,000 అక్షరములు పట్టును. వానినన్నిటిని ఫోనుపై పంపుటకు పదునారు నిమిషములు కావలెను. ఆ కాలమున అది ఆలస్యమని ఎవరును అనుకొనలేదు.

ఇచట అసలు చిక్కు చెప్పవలెను. ఈ యంత్రములో డిస్కు లేదు. వ్రాసినదంతయు విద్యుత్తు ఉన్నంతవరకే నిలుచు జ్ఞాపకశాలలో నుండును. బ్యాటరీలు నీరసించినచో లోపలనున్న చిన్న నికెల్-కాడ్మియం ఘటము కొన్ని దినములు కాపాడును. అదియు చల్లారినచో అక్షరములు ఆవిరియైపోవును. మా మిత్రులు దూరదేశమున ఉద్యోగము చేయుకాలమున వ్రాసికొన్న దినచర్య పదునొకండు ఫైళ్లుగా అందున్నది. వేరొక ప్రతి లేదు. ఆయన ఏండ్ల తరబడి, బ్యాటరీలు మార్చునపుడెల్ల గోడ విద్యుత్తు తగిలించి, శ్వాస బిగబట్టి మార్చుచు వచ్చిరి.

యంత్రము వెనుక 25 సూదుల ద్వారమొకటి కలదు. అది ఆర్.ఎస్.-232 అను ప్రమాణమును అనుసరించును. 1960 లో అమెరికా వారు రూపొందించిన ఈ ప్రమాణములో ధన వోల్టేజి సున్నకును, ఋణ వోల్టేజి ఒకటికిని గుర్తులు. నేటి సెల్‌ఫోనులో అట్టి ద్వారము లేనే లేదు.

ఇక రెండవ పాత్ర. 1994 లో స్వీడనులోని లుండ్ నగరమున ఎరిక్సన్ సంస్థలో యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు, దగ్గరి యంత్రముల నడుమ తీగను తొలగించు చిన్న రేడియోపై పని మొదలిడెను. డెన్మార్కును ఏకముచేసిన పదవ శతాబ్దపు రాజు హరాల్డు బిరుదు 'నీలిదంతుడు'. ఇంటెల్ సంస్థకు చెందిన జిమ్ కార్డాక్ 1997 లో ఆ పేరే ఈ విద్యకు సూచించెను. అదియే బ్లూటూత్. మరుసటి యేట ఐదు సంస్థలు కలసి సంఘముగా ఏర్పడెను. ఈ రేడియో 2.4 గిగాహెర్ట్జ్ పరిసరమున 79 మార్గములపై సెకనుకు 1,600 సారులు గెంతుచుండును. ఒక మార్గమున రొద యున్నచో మరియొక మార్గమున మాట సాగును.

దానిని నిర్మించినవారు పాత తీగను మరువలేదు. సీరియల్ పోర్టు ప్రొఫైల్ అను నియమావళి నేర్పరచి, రేడియో మీదనే ఆర్.ఎస్.-232 తీగను అనుకరింపజేసిరి. అందువలన పాత కంప్యూటరు తన యెదుట తీగయే యున్నదని నమ్మును. మోసమే గాని, ఉపకారము చేయు మోసము. అయితే 2010 లో వచ్చిన అల్పశక్తి బ్లూటూత్‌లో ఈ నియమావళి లేదు. పరికరము కొనునపుడు ఇది గమనింపవలెను.

మేము కొన్నది హెచ్.సి.-05 అను చిన్న పలక. దానికిని ద్వారమునకును నడుమ వోల్టేజీలు మార్చు చిప్పు, విడిగా విద్యుత్తు కావలెను. వేగము సెకనుకు 9,600 బిట్లని కుదిర్చి, యంత్రములోని టెల్‌కామ్ ప్రోగ్రామున ఐదక్షరముల సంకేతము వ్రాసితిమి. మొదట ఒక్క అక్షరమైనను రాలేదు. పంపు తీగను పంపు తీగకే కలిపినాము! ఇరువురును మాటలాడుచు ఎవరును వినకున్న సభవలె నుండెను పరిస్థితి. తీగలు తారుమారు చేసితిమి. ఈసారి పిచ్చి గుర్తులు వచ్చెను. వేగము ఒకవైపున తప్పుగా నుండెను. అదియు సవరించితిమి.

అంతట ఫోను తెరపై ఆంగ్లమున మొదటి వాక్యము కనబడెను. ఆంగ్లముననే, ఏలయన ఆ యంత్రమునకు తెలుగు లిపి తెలియదు. మన లిపి యూనికోడులో చేరినది 1991 లో. తెలుగు మాటలను సైతము ఆయన ఆంగ్లలిపిలో వ్రాసికొనిరి. తల్లికి వ్రాసిన ఉత్తరపు చిత్తుప్రతి యొకటి అందున్నది. దానిని చదువునపుడు ఆయన మాటలాడలేదు, మేమును అడుగలేదు.

పావుగంటలో పదునొకండు ఫైళ్లును ఫోనులోనికి వచ్చినవి. వెంటనే రెండు చోట్ల ప్రతులు తీసి దాచితిమి. పాత యంత్రపు గడియారము మాత్రము, అలవాటు చొప్పున, సంవత్సరమునకు ముందు 19 అనియే చూపుచున్నది. ఇక బ్యాటరీలు తీసి పెట్టెలో పెట్టవచ్చునా అని అడిగితిమి. ఆయన తలయూపి, బజారుకు పోయి క్రొత్త బ్యాటరీలు నాలుగు తెచ్చిరి.