ఇంటి చెత్త ఎందుకు పెరుగుతోంది? పెంటదిబ్బను కాపాడుకోవడం ఎలా?

పుల్లలచెరువు చుట్టుపక్కల వర్షాధార పొలాల్లో కంది, పత్తి, మిరప వేసే రైతులకు దిబ్బ ఎరువు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే దిబ్బను ఇప్పుడు తవ్వి చూడండి. పేడతో పాటు షాంపూ పొట్లాలు, పాల కవర్లు, మంచినీళ్ల ప్యాకెట్లు బయటపడతాయి. అదే ఎరువు పొలానికి వెళ్తుంది. ఈ చెత్త ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తేనే దాన్ని ఆపగలం.

డబ్బుతో ముడిపడిన కారణాలు

ఆదాయం పెరిగేకొద్దీ చెత్త పెరుగుతుంది. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం 2016లో ప్రపంచమంతటా సుమారు 201 కోట్ల టన్నుల చెత్త వచ్చింది. జనాభాలో 16 శాతమే ఉన్న సంపన్న దేశాల వాటా అందులో 34 శాతం. మన దేశంలో పట్టణాల చెత్త 2020-21లో రోజుకు సుమారు 1.6 లక్షల టన్నులని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క.

కానీ పల్లెలో కథ కొంచెం వేరు. రోజు కూలీతో బతికే ఇంట్లో సీసా షాంపూ కొనరు, రూపాయి పొట్లం కొంటారు. నూనె, పొడులు, చిరుతిళ్లు కూడా అలా చిన్న ప్యాకెట్లలోనే వస్తాయి. సరుకు కొంచెం, కవర్లు మాత్రం ఎక్కువ. అట్టపెట్టెలు, ఇనుము, సీసాలను పాత సామాన్లవాళ్లు కొంటారు. పొరలు పొరలుగా ఉండే ఈ పొట్లాలను ఎవరూ కొనరు. అందుకే ఊళ్లో మిగిలిపోయేవి అవే.

నేల, నీరు, పశువులు

పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది హాని చేస్తుంది. అందుకని జనం నీళ్లు కొంటున్నారు. మళ్లీ మళ్లీ నింపుకునే 20 లీటర్ల క్యాన్‌తో చిక్కు లేదు. పెళ్లిళ్లు, తిరునాళ్లలో పంచే నీళ్ల ప్యాకెట్లు, గ్లాసులతోనే వచ్చింది తంటా. వాటికి బదులు క్యాన్లు, స్టీలు గ్లాసులు, విస్తరాకులు పెట్టించండి.

కరువు వల్ల మేత తగ్గింది, ఎడ్ల పని ట్రాక్టర్లకు పోయింది. పశువులు తగ్గిన ఇంట్లో కూరగాయల తొక్కలు, కుడితి తినేవి లేక అవి కూడా చెత్తలో కలుస్తున్నాయి. తడి, పొడి కలిసిన తర్వాత రెండూ పనికిరావు.

రైతులు చేయవలసినవి

వంటింట్లోనే రెండు బుట్టలు పెట్టండి. తొక్కలు, మిగిలిన అన్నం, ఆకులు ఒకదానిలో; కవర్లు, పొట్లాలు రెండోదానిలో వేయండి. రెండోది పంచాయతీ చెత్త బండికే ఇవ్వండి. తగలబెట్టవద్దు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లోనే దాన్ని నిషేధించాయి.

పురుగుమందు డబ్బాలు ఈ రెండు బుట్టల్లోనూ వేయకూడదు. మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయండి. తర్వాత డబ్బాకు చిల్లులు పెట్టి విడిగా ఉంచండి. ఆ డబ్బాలో నీళ్లు, నూనె పోసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మన లాంటి పొడి ప్రాంతాల్లో తడి చెత్తను కుప్పగా పోయడం కంటే గుంతలో వేయడం మేలు, తేమ నిలుస్తుంది. మూడు అడుగులకు మించని లోతు చాలు. చిన్న ముక్కలు చేసిన కంది లేదా పత్తి కట్టె అడుగున పరిచి, చెత్త ఒక వరుస, పేడ నీళ్లు, మట్టి ఒక వరుస వేస్తూ నింపండి. పిడికిట పడితే తడి తగలాలి, నీరు కారకూడదు. పైన మట్టితో కప్పండి. నల్లగా, పొడిపొడిగా మారి, మట్టి వాసన వచ్చిన తర్వాతే పొలానికి తోలండి. సగం చివికినది వేస్తే పైరుకు నత్రజని అందక ఆకులు పసుపెక్కుతాయి.

దిబ్బలో ఇప్పటికే కవర్లు ఉంటే తోలే ముందు జల్లెడ పట్టండి. పొలంలో పడిన కవరు కింద గింజ మొలకెత్తదు, వాన నీరు ఇంకదు. పశువు మింగితే పెద్ద పొట్టలో పేరుకుని మేత మానేస్తుంది. చివరికి కోతతో తీయించాల్సి వస్తుంది.

పట్టణ చెత్తతో చేసిన కంపోస్టు చవకగా వస్తోందని లోడు దించుకునే ముందు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పరీక్ష చేసిన నివేదిక అడగండి. సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం ఉండాలి, సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. నివేదిక చూపించని లోడును, గాజుపెంకులు కనిపించిన లోడును వెనక్కి పంపండి.