పేరు లేని ప్రమేయం

పదో తరగతి గణితంలో 'ప్రమేయాలు' అనే పాఠం మా బ్యాచ్ వారందరికీ గుర్తుండే ఉంటుంది. బాణం గుర్తుల పటాలు గీసి, మార్కులు తెచ్చుకుని, పరీక్షతో దాన్ని మరిచిపోయాం. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థులు నేడు రోజూ వాడే 'లాంబ్డా'కు మూలం ఆ పాఠమే.

1930లలో అమెరికా గణితవేత్త అలోంజో చర్చ్, ప్రమేయానికి పేరు పెట్టకుండానే రాసే పద్ధతిని లాంబ్డా అనే గ్రీకు అక్షరంతో రూపొందించారు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష ద్వారా అది ప్రోగ్రామింగ్‌లోకి వచ్చింది. ఆ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధించి 1966లో డాక్టరేట్ పొందినవారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ఆయన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

మా తరం నేర్చుకున్న జావాలో అన్నీ క్లాసుల్లోనే ఉండాలి. ఉదాహరణకు, మన సంఘం సభ్యుల జాబితాను బ్యాచ్ వారీగా పేర్చాలనుకోండి. 'ఎవరి సంవత్సరం ముందు?' అనే ఒక్క ప్రశ్న కోసం ఒక క్లాసు, అందులో ఒక మెథడ్ రాయాలి. 1997లో పేరులేని క్లాసులు వచ్చినా రాత భారం పెద్దగా తగ్గలేదు. సి షార్ప్‌లో 2007లో, సి ప్లస్ ప్లస్‌లో 2011లో లాంబ్డాలు వచ్చాయి. జావాలోకి 2014 మార్చిలో వచ్చాయి. ఒకే మెథడ్ కోరే ఇంటర్‌ఫేస్ ఉన్నచోటల్లా లాంబ్డా ఇమిడేలా చేశారు కనుక పాత ప్రోగ్రాములు చెడలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు ఒక్క వరుసలో ముగుస్తుంది.

పేరు అక్కర్లేదా అంటే, అన్నిచోట్లా కాదు. ప్రకాశం బ్యారేజీకి పేరు కావాలి. దాని మీద ఎన్నో ఊళ్లు ఆధారపడ్డాయి. చేనికి ఒక పూట నీరు పెట్టడానికి పారతో తీసిన మడవకు పేరెవరు పెడతారు? లాంబ్డా ఆ మడవ లాంటిది. అదే పని నాలుగుచోట్ల అవసరమైనా, పది వరుసలు దాటినా పేరు పెట్టి విడిగా రాయడమే మేలు. లేకపోతే తర్వాత చదివేవారికి తిప్పలు.

భాషలు మారుతుంటాయి, గణితం నిలిచి ఉంటుంది. అందుకే మన బడి కంప్యూటర్ ల్యాబుకు యంత్రాలు కొనిచ్చే మిత్రులకు నా మనవి ఒక్కటే. లెక్కల మాస్టారినీ కంప్యూటర్ టీచరునీ కలిపి ఆ ప్రమేయాల పాఠం చెప్పించే ఏర్పాటు కూడా చేద్దాం. తెలుగు మీడియం పిల్లలకు కోడింగ్ అంటే ఉన్న బెరుకు సగం అక్కడే పోతుంది.