నంజనగూడు ఆడబిడ్డ, తంజావూరు పుస్తకం

మా ఇళ్లల్లో ఏ అమ్మాయైనా యూనివర్సిటీలో స్త్రీవాదం, జెండర్ చదువుతానంటే పెద్దవాళ్లు "అవన్నీ పరదేశం మాటలు, మనకెందుకమ్మా" అంటారు. మన మైసూరు సీమలో పుట్టినావిడ కథ తెలిస్తే ఆ మాట నిలవదు.

తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో (1739–63) ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రాసింది. తర్వాత అచ్చైన ప్రతిలో కొన్ని పద్యాలూ, ఆమె తన వంశం చెప్పుకున్న పీఠికా తీసేశారు. నంజనగూడులో 1878లో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ పాత ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారిచేత పూర్తి కావ్యం అచ్చు వేయించింది. ఇది ఆడవాళ్లు వినదగింది కాదని అంతకుముందే వీరేశలింగం రాసి ఉన్నారు. మగకవుల శృంగారానికి లేని తప్పు ఆడదాని శృంగారానికి ఎక్కడిదని ఆమె పీఠికలోనే నిలదీసింది. సర్కారు బూతు పుస్తకమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు.

సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో మొదటి సంపుటం వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా'లో ఈ కథంతా ఉంది. యూనివర్సిటీ క్లాసుల్లో ఆ పుస్తకం చదివిస్తారు. ఎవరు రాశారు, ఎవరు తీసేశారు, ఏది మర్యాదో ఎవరు తేల్చారు, ఇవే ఆ చదువు అడిగే ప్రశ్నలు.

మా వంశవృక్షంలోనూ మగవాళ్ల పేర్లే వరసగా ఉన్నాయి. కోడళ్లు చాలాచోట్ల ఉత్త "భార్య". అమ్మాయిల్ని చదవనిద్దాం. మా ముత్తవ్వల పేర్లు వెతికి రాసేది వాళ్లే.