క్యాన్సర్ ముదిరినా రేడియేషన్ ఎందుకు? నొప్పి తగ్గడానికి ఒక్క సిట్టింగ్ చాలొచ్చు

క్యాన్సర్ బాగా ముదిరింది, ఇక రేడియేషన్ ఎందుకులే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. కానీ జబ్బు నయం కాకపోయినా, బాధ తగ్గించడానికి ఇచ్చే రేడియేషన్ ఉంది. అదే పాలియేటివ్ రేడియోథెరపీ.

ఎవరికి ఇస్తారు?: ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో నొప్పి, గడ్డ నుంచి రక్తం కారడం, ముద్ద మింగుడు పడకపోవడం ఉన్నవారికి. బాధ ఉన్న చోటికే గురిపెట్టి ఇస్తారు.

ఎన్నిసార్లు?: ఎముక నొప్పికి చాలామందికి ఒకేసారి 8 గ్రేల డోసు సరిపోతుంది. 5 లేదా 10 సిట్టింగులు ఇచ్చినా నొప్పి తగ్గడం దాదాపు అంతే. కాకపోతే ఒక్కసారి తీసుకున్నవారిలో కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి రావొచ్చు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకు ఇది ముఖ్యం. గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కు మంచం దిగలేని మనిషిని రోజూ తిప్పడం కష్టం. అందుకే ‘ఒక్క సిట్టింగ్‌తో అవుతుందా డాక్టర్‌గారూ?’ అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడగండి.

ఎప్పుడు తగ్గుతుంది?: సాధారణంగా 1 నుంచి 4 వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చు. కంగారుపడి మాత్రలు ఆపేయొద్దు.

ఆలస్యం వద్దు: వెన్ను నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు.