ఇద్దరు అభ్యర్థులు, ఒకే వేదిక

ఎన్నికలొచ్చాయంటే తెలుగు నేల మీద సవాళ్లకు కరువుండదు. ‘దమ్ముంటే బహిరంగ చర్చకు రా’ అని ఒకరంటారు. ‘ఎక్కడికి రమ్మంటావో నువ్వే చెప్పు’ అని ఇంకొకరు మీసం మెలేస్తారు. తేదీ ఖరారవుతుంది, సెంటరు ఖరారవుతుంది. ఆ రోజు తెల్లారేసరికి ఇద్దరి ఇళ్ల ముందూ పోలీసులు, గేటు దగ్గర తోపులాట, టీవీలో బ్రేకింగ్ న్యూస్. చర్చ మాత్రం జరగదు. సాయంత్రానికి ఇద్దరూ గెలిచినట్టే ప్రకటించుకుంటారు.

ఒకే సీటుకు పోటీపడే ఇద్దరు నిజంగానే ఒకే వేదిక ఎక్కి, ఒకే జనం ముందు వాదించుకున్న చరిత్ర చూడాలంటే అమెరికా వైపు తిరగాలి. రెండు వందల ముప్పై ఏళ్లు దాటిన ఆ చరిత్రలో గెలుపోటముల లెక్కలు చాలానే ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి చూస్తే, గుర్తుండిపోయిన చర్చల్లో గొప్పవి అభ్యర్థి నోట ఒక ఖరారు మాట రప్పించినవే. ఆ మాట తర్వాత అతన్ని వదల్లేదు. కొన్నిసార్లు దేశాన్నీ వదల్లేదు.

మంచులో ఇచ్చిన మాట

1789 జనవరి. అమెరికా రాజ్యాంగం అమల్లోకి రాబోతోంది. పౌరుల హక్కుల జాబితా మాత్రం అందులో లేదు. తొలి ప్రతినిధుల సభకు వర్జీనియా ఐదో జిల్లా నుంచి ఇద్దరు స్నేహితులు తలపడ్డారు. ఒకరు రాజ్యాంగ రూపకల్పనలో ముందుండి నడిచిన జేమ్స్ మాడిసన్. రెండోవారు హక్కుల జాబితా లేని రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన జేమ్స్ మన్రో. వర్జీనియా శాసనసభలో చక్రం తిప్పుతున్న పాట్రిక్ హెన్రీకి మాడిసన్ అంటే పడదు. ముందు సెనేట్ సీటు దక్కకుండా చేశాడు. తర్వాత రాజ్యాంగ వ్యతిరేకులు బలంగా ఉన్న కౌంటీలను మాడిసన్ సొంత ఊరున్న జిల్లాలో చేర్చి సీటే కష్టమయ్యేలా గీతలు గీయించాడు.

ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. కల్‌పెపర్ ప్రాంతంలో జర్మన్ లూథరన్ల చర్చి దగ్గర ప్రార్థన ముగిశాక, బయట మంచులో నిలబడిన జనం ముందు వాదించుకున్నారు. జనం ఓపిగ్గా విన్నారు. ఆ రాత్రి గుర్రం మీద తిరిగి వెళుతుంటే చలికి మాడిసన్ ముక్కు గడ్డకట్టింది. ఆ మచ్చ ముసలితనంలోనూ పోలేదని, దాన్ని చూపించి యుద్ధంలో తగిలిన గాయమంటూ నవ్వేవాడని చెబుతారు.

హక్కుల జాబితా అవసరం లేదని అంతకుముందు దాకా వాదించిన మాడిసన్, ఈ ఎన్నికలో మెట్టు దిగాడు. మత స్వేచ్ఛ కోసం ఆందోళన పడుతున్న బాప్టిస్టులకు, తనను గెలిపిస్తే సవరణలు తెస్తానని మాటిచ్చాడు. 1308 ఓట్లతో గెలిచాడు. మన్రోకు 972 వచ్చాయి. జూన్ 8న సభలో లేచి సవరణలు ప్రతిపాదించాడు. వాటిలో పది 1791 డిసెంబరులో ఆమోదం పొంది ‘బిల్ ఆఫ్ రైట్స్’ అయ్యాయి. మన రాజ్యాంగం మూడో భాగంలోని ప్రాథమిక హక్కులు రాసుకునేటప్పుడు మన పెద్దలు ముందు పెట్టుకున్న నమూనాల్లో అదీ ఒకటి. 336 ఓట్ల మెజారిటీతో గెలిచిన మనిషి, ఓటరుకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే ఎంత దూరం వెళ్లిందో చూడండి. ఆ ఇద్దరు స్నేహితులూ తర్వాత ఒకరి వెనక ఒకరు దేశాధ్యక్షులయ్యారు.

ఇల్లినాయ్‌లో ఏడు సభలు

ఈ పద్ధతికి పరాకాష్ఠ 1858. ఇల్లినాయ్ రాష్ట్రంలో సెనేట్ సీటుకు డెమొక్రాట్ల తరఫున సిటింగ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్, కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ తరఫున లాయరు అబ్రహాం లింకన్ నిలబడ్డారు. డగ్లస్ ఐదడుగుల నాలుగంగుళాలు, లింకన్ ఆరడుగుల నాలుగంగుళాలు. ఒకరిది గంభీరమైన గొంతు, మరొకరిది కీచుగొంతు. డగ్లస్ దేశమంతా తెలిసిన నాయకుడు. లింకన్ అంతకుముందు ఒక్కసారి మాత్రమే ప్రతినిధుల సభలో కూర్చున్నవాడు.

మొదట్లో డగ్లస్ ఎక్కడ సభ పెడితే, వెనకాలే లింకన్ వెళ్లి జవాబు చెప్పేవాడు. పెద్దమనిషి పోగుచేసిన జనాన్ని వాడుకుంటున్నాడని ఎదుటివర్గం పత్రికలు వెక్కిరించాయి. జులై 24న లింకన్ ముఖాముఖికి రమ్మని ఉత్తరం రాశాడు. రాష్ట్రంలో తొమ్మిది కాంగ్రెస్ జిల్లాలు. రెండింటిలో ఇద్దరూ అప్పటికే మాట్లాడేశారు కాబట్టి మిగిలిన ఏడింటిలో ఒక్కో చర్చకు డగ్లస్ ఒప్పుకున్నాడు. ఆగస్టు 21న ఒటావాలో మొదలై అక్టోబరు 15న ఆల్టన్‌లో ముగిశాయి.

నియమాలు సింపుల్. మొదటివారికి గంట, రెండోవారికి గంటన్నర, మళ్లీ మొదటివారికి అరగంట. మధ్యవర్తి లేడు, ప్రశ్నలడిగే యాంకరు లేడు. మొత్తం మూడు గంటలు, ఒకే ఒక్క విషయం: బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకాలా, వద్దా? రైతులు బండ్లు కట్టుకుని వచ్చి, దుమ్ములో ఎండలో నిలబడి విన్నారు. మధ్యమధ్యలో కేకలు వేశారు, ఎదురు ప్రశ్నలు వేశారు, పాయింటు నచ్చితే చప్పట్లు కొట్టారు. డగ్లస్ ప్రత్యేక రైల్లో, ఫిరంగి పేల్చుకుంటూ ఊళ్లోకి దిగేవాడు.

ఆగస్టు 27న ఫ్రీపోర్ట్‌లో లింకన్ ఒక ప్రశ్న వేశాడు. టెరిటరీల్లో బానిసత్వాన్ని కాంగ్రెస్ నిషేధించకూడదని సుప్రీంకోర్టు 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో చెప్పింది. స్థానిక ప్రజలే తేల్చుకోవాలన్నది డగ్లస్ సిద్ధాంతం. మరి ఒక టెరిటరీ జనం, రాష్ట్రంగా మారకముందే, బానిసత్వం వద్దనుకుంటే చట్టప్రకారం ఆపగలరా? ఆపగలరంటే దక్షిణాది తిరగబడుతుంది. ఆపలేరంటే ఇల్లినాయ్ ఓటర్లు ఊరుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డగ్లస్ జంకలేదు. కోర్టు ఏమన్నా సరే, బానిసత్వాన్ని కాపాడే పోలీసు నిబంధనలు స్థానికంగా చేయకపోతే అది ఒక్క రోజు కూడా నిలవదని జవాబిచ్చాడు. ఇదే మాట అంతకుముందూ అన్నాడు. ఈసారి మాత్రం ప్రత్యర్థి ఎదుట, వేల మంది సాక్షిగా అన్నాడు. ఇరుపక్షాల పత్రికల షార్ట్‌హ్యాండ్ విలేకరులు దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నారు. ఆ కాగితాలు రైలెక్కి షికాగో చేరి దేశమంతా పాకాయి.

లింకన్‌ను దేవుణ్ని చేసే వ్రాతలు ఒక ఊరిని దాటేస్తుంటాయి. సెప్టెంబరు 18న ఛార్లెస్టన్‌లో ఆయన, తెల్లవారికీ నల్లవారికీ సామాజికంగా, రాజకీయంగా సమానత్వం రావాలని తాను కోరడం లేదని, నల్లవారికి ఓటు హక్కు ఇవ్వాలనడం లేదని చెప్పాడు. దక్షిణ ఇల్లినాయ్ ఓటరును చూసి చెప్పిన మాటది. అక్టోబరులో గేల్స్‌బర్గ్‌లో, నాక్స్ కాలేజీ భవనం పక్కన వేసిన వేదిక మీద, బానిసత్వం నీతిరీత్యా తప్పు అని గట్టిగా చెప్పాడు. రెండు ఊళ్లలో రెండు గొంతులని డగ్లస్ ఎత్తిపొడిచాడు. ఆ ఎత్తిపొడుపులో న్యాయం లేకపోలేదు. ఏడు సభలు కాబట్టే, మూడేసి గంటలు కాబట్టే ఆ తేడా బయటపడింది.

ఫలితమేమైంది? అప్పట్లో సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు కాదు. రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. ప్రజల ఓటుకు అవకాశమొచ్చింది 1913 నాటి పదిహేడో సవరణతోనే. 1859 జనవరిలో శాసనసభ 54-46 ఓట్లతో డగ్లస్‌నే పంపింది. ఓడిపోయిన లింకన్ ఊరుకోలేదు. పత్రికల్లో వచ్చిన ప్రసంగాలు కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నాడు. డగ్లస్ ప్రసంగాలు డగ్లస్ వర్గం పత్రిక నుంచి, తనవి తన వర్గం పత్రిక నుంచి తీసుకున్నాడు, ఎవరూ వంక పెట్టకుండా. 1860లో ఒహాయో ప్రచురణకర్తలు దాన్ని అచ్చేస్తే విరగబడి అమ్ముడుపోయింది. అదే ఏడాది ఫ్రీపోర్ట్ జవాబు డగ్లస్ మెడకు చుట్టుకుంది. దక్షిణాది డెమొక్రాట్లు విడిపోయి వేరే అభ్యర్థిని నిలబెట్టారు. అధ్యక్ష ఎన్నికలో లింకన్‌కు 180 ఎలక్టోరల్ ఓట్లు, డగ్లస్‌కు 12. సీటు గెలిచినవాడు దేశాన్ని పోగొట్టుకున్నాడు. అన్నట్టు, 1860 ప్రచారంలో లింకన్ ఎవరితోనూ చర్చకు దిగలేదు. అప్పటి ఆనవాయితీ ప్రకారం స్ప్రింగ్‌ఫీల్డ్ దాటకుండా ఇంటిపట్టునే ఉన్నాడు.

కాగితం పట్టుకుని నడిచిన ఇద్దరు

తర్వాత చాలా కాలం చర్చలు పలచబడ్డాయి. రేడియో వచ్చాక ఇంకో చిక్కు. ఒక అభ్యర్థికి ప్రసార సమయమిస్తే అదే సీటుకు పోటీచేసే మిగతావారందరికీ సమానంగా ఇవ్వాలని చట్టం చెప్పింది. చిన్నాచితకా పార్టీలన్నిటికీ గంటలు పంచలేక స్టేషన్లు వెనకడుగు వేశాయి. 1960లో అధ్యక్ష అభ్యర్థులు కెన్నెడీ, నిక్సన్ల టీవీ చర్చల కోసం కాంగ్రెస్ ఆ నిబంధనను తాత్కాలికంగా పక్కనపెట్టింది. 1975లో చర్చలను వార్తా సంఘటనలుగా చూడొచ్చని నియంత్రణ సంస్థ తేల్చాక దారి తెరుచుకుంది.

అయితే వేదిక మీద జరిగేదాని స్వభావం అప్పటికే మారింది. 1946 సెప్టెంబరు 13న కాలిఫోర్నియాలోని సౌత్ పాసడీనాలో, ప్రతినిధుల సభకు అయిదుసార్లు గెలిచిన జెర్రీ వూర్హిస్ ఎదుట 33 ఏళ్ల రిచర్డ్ నిక్సన్ నిలబడ్డాడు. వామపక్ష కార్మిక కమిటీ మద్దతు నీకుందని నిక్సన్ ఆరోపణ. ఆధారం చూపించమన్నాడు వూర్హిస్. నిక్సన్ జేబులోంచి కాగితం తీసి, వేదిక మీద అవతలి వైపుకు నడిచి వెళ్లి చేతిలో పెట్టాడు. వూర్హిస్ తడబడ్డాడు. అది వేరే సంఘం స్థానిక శాఖ సిఫారసు మాత్రమే. ఆ తేడా వివరించే లోపే జనం తీర్పు చెప్పేసుకున్నారు. నవంబరులో సీటు నిక్సన్‌ది.

సరిగ్గా 54 ఏళ్లకు, 2000 సెప్టెంబరు 13న, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో సెనేట్ అభ్యర్థి రిక్ లేజియో అదే పని చేశాడు. ప్రచార నిధుల మీద హామీపత్రం పట్టుకుని హిల్లరీ క్లింటన్ దగ్గరికి నడిచి వెళ్లి, సంతకం పెట్టమని వేలు చూపించాడు. టీవీలో చూసిన చాలామందికి అది ఆడమనిషి మీదికి దూసుకెళ్లినట్టు అనిపించింది. క్లింటన్ గెలిచింది. ఒకే ఎత్తు, ఒకరికి సీటు తెచ్చింది, ఒకరికి దూరం చేసింది. ఆ కాగితాల్లో ఏముందో మాత్రం రెండు సార్లూ ఎవరికీ గుర్తులేదు. నడక మాత్రం అందరికీ గుర్తుంది. చర్చ మూడు గంటల వాదన నుంచి మూడు క్షణాల దృశ్యానికి కుదించుకుపోయిన తీరు ఇదే.

2022లో పెన్సిల్వేనియా సెనేట్ సీటుకు, పక్షవాతం నుంచి ఇంకా కోలుకుంటున్న జాన్ ఫెటర్మన్, ప్రశ్నలను తెర మీద అక్షరాల్లో చదువుకుంటూ మెహ్‌మెట్ ఓజ్‌ను ఎదుర్కొన్నాడు. తడబాటు మీద దేశమంతా మాట్లాడింది. చెప్పిన విధానాల మీద మాట్లాడినవారు తక్కువ. అయినా గెలిచాడు. 2025లో కథ మళ్లీ వర్జీనియాకే వచ్చింది. రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి, హైదరాబాద్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన గజాలా హష్మీ పోటీచేసింది. ఆమె చర్చకు రాలేదని ప్రత్యర్థి జాన్ రీడ్, కృత్రిమ మేధతో ఆమె గొంతు తయారుచేసి దానితోనే ‘చర్చ’ నడిపి ప్రసారం చేశాడు. ఓటర్లు హష్మీనే గెలిపించారు. మంచులో ఇద్దరు ఎదురెదురుగా వాదించుకున్న రాష్ట్రంలో, 236 ఏళ్లకు అవతలి మనిషి లేకుండానే చర్చ జరిగిపోయింది. రాకపోవడం హష్మీ తప్పు. లేని మనిషి నోట మాటలు పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

మన దగ్గర ఎందుకు లేదు?

మనవాళ్లకు వాదన రాక కాదు. 2024 మేలో ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకుర్, ఏపీ షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీనీ, రాహుల్ గాంధీనీ ముఖాముఖి చర్చకు ఆహ్వానించారు. రాహుల్ సరేనన్నారు; చర్చ జరగలేదు. కింది స్థాయిలో అభ్యర్థులను ఒకే వేదిక మీదికి తెచ్చే ప్రయత్నాలు లోక్‌సత్తా వంటి పౌర సంస్థలు చేశాయి గానీ, అది ఆనవాయితీగా స్థిరపడలేదు.

కారణాలున్నాయి. ఒక్కో సీటుకు పదుల కొద్దీ అభ్యర్థులు. ఓటు వ్యక్తికన్నా గుర్తుకు, గుర్తు వెనకున్న అధినేతకు పడుతుంది. వీటికన్నా బలమైనది ఇంకొకటుంది. మాడిసన్ ఇచ్చిన మాటను తానే సభలో పెట్టగలిగాడు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత మన సభ్యుడు పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. సొంతంగా మాటివ్వలేని అభ్యర్థిని చర్చకు పిలిచి ఏం లాభమని పార్టీలు అనుకుంటే, ఆ లెక్క పూర్తిగా తప్పు కాదు.

కానీ విప్ చేరని చోట్లు చాలా ఉన్నాయి. ఎంపీ చేతిలో ఏటా 5 కోట్ల నియోజకవర్గ అభివృద్ధి నిధులుంటాయి. వాటిని ఏ పనికి సిఫారసు చేస్తారన్నది ఆయన ఇష్టమే. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు, ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, సభలో అడగబోయే ప్రశ్నలు, వీటి మీద ఎవరి మాట వారిదే. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని కేసులు, ఆస్తులు, చదువు వివరాలు అఫిడవిట్‌లో అచ్చు రూపంలో ఉన్నాయి. అడగడానికి సరుకు సిద్ధంగానే ఉంది. అడిగే వేదికే లేదు.

ఆ వేదిక టీవీ స్టూడియోలో పుడుతుందని ఎదురుచూడటం దండగ. రిటర్నింగ్ అధికారి అనుమతి తీసుకుని, మండల కేంద్రంలో కల్యాణమండపమో, కాలనీ సంఘం హాలో మాట్లాడండి. పోటీలో ఉన్నవారందరినీ ఒకే పూటకు పిలవండి. విషయాలు మూడుకు మించనివ్వకండి, ఒక్కొక్కరికి తగినంత సమయమివ్వండి, మధ్యలో ఈలలు వేయకండి. వాళ్లన్న ప్రతి మాటా రాసి, తేదీ వేసి, అందరి ముందూ చదవండి. రానన్నవారి పేరు కూడా అందులో రాయండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఓటు కోసం వచ్చినప్పుడు, ముందు ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.