శత్రువుతో సంభాషణము

రెండవ ప్రపంచ సంగ్రామమునాఁటి వృత్తాంతమొకటి మనవిచేసెదను. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు చెంత ఓబెరుర్సెల్ అను నూర, పట్టువడిన శత్రువైమానికులను ప్రశ్నించు శిబిరముండెను. అచటి ప్రశ్నకులలో హాన్స్ షార్ఫ్ ఒకఁడు. యుద్ధమునకు ముందు దక్షిణాఫ్రికాలో వర్తకుఁడు. ఇతఁడు బందీలపైఁ జేయిచేసికొనలేదు. వారిని వెంటఁబెట్టుకొని అడవిలో తిరుగుచు, వారి దళమును గూర్చి తనకన్నియుఁ దెలిసినట్లే ముచ్చటించెడివాఁడు.

ఒకనాఁడు అమెరికను వైమానికునితో, "మీ గుండ్ల వెనుక ఎఱ్ఱని చాఱకు బదులు ఒక్కొక్కప్పుడు తెల్లచాఱ కనఁబడుచున్నది. మీకు రసాయనద్రవ్యము కొఱవడినది కాఁబోలు" ననెను. "కాదు, గుండ్లు అయిపోవచ్చినవని వైమానికునకుఁ దెలుపు గుర్తది" యని యాతఁడు దిద్దెను. జర్మనులకుఁ గావలసినదదియే! ఎదుటివాని తప్పు దిద్దునపుడు నోరు దాఁగదు. తగవులు తీర్చు పెద్దలకిది క్రొత్తగాదు.

ఇట్టి చనవును కొలుచుటెట్లు? 2010 తరువాత స్వీడనులో గ్రాన్‌హాగ్ మొదలగు పండితులు, రహస్యమెఱిఁగిన పాత్రధారులను పెట్టి యీ పద్ధతిని సూటిప్రశ్నలతోఁ బోల్చిరి. చెప్పినదెంత, చెప్పితినని తలఁచినదెంత యని లెక్కించిరి. షార్ఫ్ పద్ధతికి లోనైనవారు తాము నిజముగాఁ జెప్పినదానికంటెఁ దక్కువే చెప్పితిమని నమ్మిరి. నాకిచటనే భయము కలుగును. కొట్టువానియెదుట బందీ జాగరూకుఁడగును. ఆదరించువానియెదుటఁ దానేమి పోఁగొట్టుకొనెనో వానికే తెలియదు.

యుద్ధానంతరము షార్ఫ్ అమెరికా చేరి, రంగుపలుకులతో చిత్రములు కూర్చుచు జీవించెను. అతని పూర్వబందీలలోఁ గొందఱతనికి మిత్రులైరి.